పడగొట్టకుండా పెంచవచ్చా? లకతోన్–వసాల్ ఇళ్ళ గురించి, మా పాత అపార్ట్‌మెంట్ గొడవతో కలిపి

పాతగడప (విజయవాడ) · ఆదివారం ఉదయం 7:10

మాది 1988లో కట్టిన అపార్ట్‌మెంట్. నాలుగు అంతస్తులు, ఇరవై నాలుగు ఇళ్ళు. ఆరు నెలలుగా ఒక బిల్డరు మా చుట్టూ తిరుగుతున్నాడు. మొత్తం పడగొట్టి తొమ్మిది అంతస్తులు లేపుతాడట. మాకు తలా రెండు వందల చదరపు అడుగులు ఎక్కువ వస్తాయట. రెండేళ్ళు అద్దె తనే కడతాడట. మా పక్క వీధిలో ఇలాగే రెండేళ్ళని ఇంకెవరో ఒప్పందం రాసిచ్చారు. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. గుంత, ఊచలు, చుట్టూ రేకులు. ఆ పడగొట్టిన భవనంలో ఇల్లున్న ఒక పెద్దాయన మా కింది ఇంట్లోనే అద్దెకుంటూ, రోజూ సాయంత్రం ఆ రేకుల సందులోంచి తొంగిచూసి వస్తుంటారు.

సంఘం కార్యదర్శి పదవి ఈ ఏడు నా నెత్తిన పడింది. రాత్రి నిద్రపట్టక చదువుతుంటే ఫ్రాన్సులో లకతోన్, వసాల్ అనే ఇద్దరు ఆర్కిటెక్టుల సంగతి కనిపించింది. పాత అపార్ట్‌మెంట్లను పడగొట్టకుండా, జనం లోపల కాపురం చేస్తుండగానే ఇళ్ళను పెద్దవి చేశారట. నిజమేనా? నిజమైతే మన దగ్గర ఎందుకు చేయరు? తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మకాల మాటలు వద్దు, అవి రోజూ వింటున్నాను.

---

గారోన్‌తీరం (బోర్డో, ఫ్రాన్స్) · ఆదివారం మధ్యాహ్నం 1:25

నిజమే. నేను ఉండేది ఆ ఊళ్ళోనే. మీరు చదివింది గ్రాన్ పార్క్ అనే కాలనీ గురించి అయి ఉంటుంది. అక్విటానిస్ అనే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థది. 1960ల నాటి మూడు పెద్ద బ్లాకులు, పది నుంచి పదిహేను అంతస్తులు, మొత్తం 530 ఇళ్ళు. ఈ ఇద్దరితో పాటు ఫ్రెడెరిక్ డ్రూఓ, క్రిస్తోఫ్ హుతాన్ కలిసి 2017కు పూర్తిచేశారు. 2019లో యూరప్‌లో పెద్ద బహుమతి, మీస్ వాన్ డెర్ రో అవార్డు, దీనికే వచ్చింది.

చేసిన పని ఏమిటంటే, పాత గోడకు ఆనించి బయట కొత్త చట్రం ఒకటి నిలబెట్టారు. దానికి దాని పునాదులు, దాని స్తంభాలు ఉన్నాయి. పాత కట్టడం మీద బరువు వేయలేదు. ఆ చట్రంలో ప్రతి ఇంటి ముందూ 3.8 మీటర్ల లోతున కొత్త చోటు వచ్చింది. స్లాబులు ఫ్యాక్టరీలో పోసి తెచ్చి క్రేనుతో ఎక్కించారు.

ఒక్కో ఇంటికి పట్టిన కాలం 12 నుంచి 16 రోజులు. స్లాబు ఎక్కించడానికి అరపూట, పాత గోడ కోయడానికి రెండు రోజులు, కొత్త ముఖభాగం బిగించడానికి రెండు రోజులు, మిగతాది లోపలి పనులకు. జనం ఇల్లు వదలలేదు. అద్దె పెంచలేదు.

మా సహోద్యోగి ఒకరి తల్లి ఆ బ్లాకుల్లోనే ఉంటారు. ఒకసారి కాఫీకి వెళ్ళాను. హాల్లో నిలబడితే మొదట నిలువెత్తు గాజు తలుపు. అది ఒకప్పటి చిన్న కిటికీ, కింద గోడ కోసేసి తలుపుగా మార్చారు. తలుపు అవతల మందపాటి వెండిరంగు తెర. ఆ తర్వాత కొత్త గది, దాన్ని ఇక్కడ చలికాలపు తోట అంటారు. దాని అంచున ముడతల పాలీకార్బొనేట్ (వెలుతురు చొరబడే గట్టి ప్లాస్టిక్) పలకలు, పక్కకు జరుగుతాయి. అవి దాటితే సన్నని బాల్కనీ. ఆవిడ ఆ గదిలో కుట్టుమిషను, సైకిలు, ఒక పెద్ద టొమాటో కుండీ పెట్టుకున్నారు. బయట చలిగా ఉన్నా ఎండ పడుతుండటంతో నేను కోటు విప్పి కూర్చున్నాను. "నలభై ఏళ్ళు ఈ ఇంట్లో ఉన్నాను, ఊరు ఇంత అందంగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది" అన్నారు.

---

కవర్‌బ్లాకు (హైదరాబాద్) · ఆదివారం సాయంత్రం 6:02

స్ట్రక్చరల్ ఇంజనీరుగా నీళ్ళు చల్లక తప్పదు.

గోడ కోశారు అన్నారు. ఆ బ్లాకుల్లో అది కుదిరింది. మీ 1988 భవనంలో ఏది బరువు మోసే గోడ, ఏది అడ్డుగోడ అని చెప్పే డ్రాయింగు మీ దగ్గర ఉందా? మన దగ్గర పది భవనాల్లో ఎనిమిదింటికి ఉండదు. ఉన్నా కట్టింది దాని ప్రకారం కాదు.

రెండో సంగతి ఇనుము. ఆ రోజుల్లో తొమ్మిది అంగుళాల స్తంభాలు, ఊచల మీద కాంక్రీటు కవరు అరంగుళం ఉంటే గొప్ప. నీళ్ళు ఎక్కువ పోసి కలిపిన కాంక్రీటు. ముప్పై ఐదేళ్ళు గాలి తగిలి, బాత్రూముల నీళ్ళు కారి లోపల తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. సన్‌షేడ్ల కింద పెచ్చులు ఊడుతున్నాయా? అక్కడ మొదలవుతుంది రోగం.

ఇంకొకటి. పాత కట్టడం పక్కన కొత్త చట్రం నిలబెడితే భూకంపం వచ్చినప్పుడు రెండూ ఒకేలా ఊగవు. మధ్యలో ఎంత ఖాళీ వదలాలి, ఎక్కడ కలపాలి అనేది లెక్క కట్టి తేల్చాలి. ఫొటో చూసి తేల్చేది కాదు.

చేయకూడదని అనడం లేదు. ముందు పరీక్షలు, తర్వాత ఆశ.

---

వెన్నెలపంచ (విశాఖపట్నం) · ఆదివారం రాత్రి 9:48

ఆర్కిటెక్చర్ కాలేజీలో పాఠం చెబుతాను. ఈ ఇద్దరి గురించి అడిగితే నన్ను ఆపడం కష్టం, ముందే క్షమించండి.

ఆన్ లకతోన్, జాన్-ఫిలిప్ వసాల్ బోర్డోలో చదువుకునేటప్పుడు కలిశారు. చదువయ్యాక వసాల్ నైజర్ దేశం వెళ్ళి అక్కడ పట్టణ ప్రణాళిక పనిలో చేరాడు. ఆమె తరచూ వెళ్ళి వచ్చేది. 1984లో నియామే ఊరి దగ్గర ఇసుక దిబ్బ మీద ఇద్దరూ ఒక గడ్డి గుడిసె వేసుకున్నారు. రెండేళ్ళకు గాలి దాన్ని ఎత్తుకుపోయింది. ఆ ఎడారిలో జనం ఉన్న కాస్త సరుకుతో నీడ ఎలా సృష్టించుకుంటారో చూసిందే తమ అసలు చదువని వాళ్ళు చెబుతుంటారు. 1987లో ఆఫీసు తెరిచారు.

తొలినాళ్ళ పని ఒకటి చెబుతాను. బోర్డో పక్కన ఫ్లువరాక్‌లో లతాపీ కుటుంబం ఇల్లు, 1993. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, చేతిలో డబ్బు కొంచెం. ఆ డబ్బుకు ఎవరైనా చిన్న చక్కని ఇల్లు గీసిస్తారు. వీళ్ళు సగం ఇంటిని మామూలుగా కట్టి, మిగతా సగాన్ని పొలాల్లో కూరగాయల మొక్కలకు వేసే పాలీకార్బొనేట్ పందిరిలా కట్టారు. అదే ఖర్చుకు చోటు రెట్టింపు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళ పద్ధతి ఇదే: చవక సరుకు, విశాలమైన చోటు.

కాప్ ఫెర్రే ఇల్లు (1998) ఇంకో రకం. సముద్రపు పాయ ఒడ్డున పైన్ చెట్లున్న దిబ్బ. ఒక్క చెట్టు కొట్టకుండా ఇల్లు కట్టాలన్నారు. ఇంటిని స్తంభాల మీద నిలబెట్టి, అడ్డొచ్చిన చెట్లను ఇంట్లోంచే పైకి పోనిచ్చారు. చెట్టు గాలికి ఊగుతుంది కాబట్టి కప్పు దగ్గర మానుకు సాగే పట్టీ ఒకటి, దాని చుట్టూ జరిగే పలక ఒకటి పెట్టారు. వాన నీళ్ళు రావు, చెట్టుకు ఉరి పడదు. మన ఊళ్ళలో ప్రహరీ గోడ కట్టేటప్పుడు వేపచెట్టు కోసం గోడకు వంపు తిప్పే మేస్త్రి ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాడు. ఆ జాతి మనుషులే వీళ్ళు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది, 1996. బోర్డోలో లియోన్ ఒకోక్ అనే చిన్న కూడలి. చెట్లు, బెంచీలు, ముసలివాళ్ళు బంతులాట ఆడుకునే చోటు. దీన్ని అందంగా తీర్చిదిద్దండి అని నగరపాలక సంస్థ పని అప్పగించింది. వీళ్ళు వెళ్ళి కూర్చుని చూశారు. అక్కడున్న జనంతో మాట్లాడారు. చివరకు ఇచ్చిన నివేదిక: ఇది ఇప్పటికే బాగుంది, ఏమీ కట్టనక్కరలేదు. కంకర మార్చండి, ఇంకాస్త తరచుగా ఊడవండి, చెట్లకు వైద్యం చేయించండి.

---

నాలుగోమెట్టు (గుంటూరు) · ఆదివారం రాత్రి 10:15

ఏమీ కట్టనందుకు ఫీజు కూడా ఇచ్చారా అండీ? మా మేనల్లుడు సివిల్ ఇంజనీరు, వాడు కూడా ఏమీ చేయకుండా కూర్చునే ఉన్నాడు. వాడికి బహుమతి ఎప్పుడొస్తుందో.

---

వెన్నెలపంచ · ఆదివారం రాత్రి 10:31

మీ మేనల్లుడు ఏమీ చేయకూడదని తేల్చడానికి ముందు కొన్ని నెలలు ఆ చోటును గమనించి ఉంటే తప్పకుండా వస్తుంది. ఈ ఇద్దరికీ 2021లో ప్రిట్జ్‌కర్ వచ్చింది, ఆర్కిటెక్టులకు ఇచ్చే అతి పెద్ద బహుమతి. మన బాలకృష్ణ దోషి గారికి 2018లో వచ్చినదే.

---

ఎండపొడ (కర్నూలు) · సోమవారం ఉదయం 8:20

అంతా బాగానే ఉంది గానీ, మే నెలలో కర్నూలులో ఇంటి ముందు పాలీకార్బొనేట్ గది కట్టుకుంటే దాన్ని చలికాలపు తోట అనరు, అప్పడాలు ఎండబెట్టే చోటు అంటారు. మా బంధువులు డాబా మీద ఆ రేకు వేశారు. నాలుగేళ్ళకు పసుపు పచ్చగా మారి, గోళ్ళతో గీకితే పొడి రాలుతోంది. మధ్యాహ్నం రెండింటికి అక్కడ పిల్లి కూడా ఉండదు.

వాళ్ళ దేశంలో సూర్యుడు చలికాలం కిందుగా వాలి గదిలోకి తొంగిచూస్తాడు. ఆ ఎండ వాళ్ళకు వరం. మనకు నెత్తిన నిలబడతాడు. వాళ్ళ బొమ్మను దించుకుంటే మనం ఉడికిపోతాం.

---

గారోన్‌తీరం · సోమవారం మధ్యాహ్నం 12:40

ఎండపొడ గారూ, ఒప్పుకుంటాను. ఇక్కడ కూడా వేసవిలో పలకలు మూసి ఉంచితే అదే గతి. అందుకే అవి జరిగేలా పెట్టారు, ఎండ తెరలు పెట్టారు. వేసవిలో మొత్తం తెరిచేస్తే నీడ ఉన్న వసారా అవుతుంది. మనిషి చేత్తో నడిపే ఇల్లు అది. తెరవడం మరిచిపోతే ఏ ఆర్కిటెక్టూ కాపాడలేడు.

నా ఉద్దేశం, మనం తీసుకోవలసింది ఆ రేకును కాదు, ఆ 3.8 మీటర్లను. అంత లోతైన నీడ పడమటి గోడ ముందు ఉంటే లోపలి గది ఎంత చల్లబడుతుందో మీకు నేను చెప్పాలా? మా తాతగారి ఇంట్లో దానికి పేరు పంచ. వేసవి మధ్యాహ్నాలు ఇంటిల్లిపాదీ అక్కడే ఉండేవాళ్ళం. అపార్ట్‌మెంట్లు వచ్చాక దాన్ని మూడడుగుల బాల్కనీ చేసి, దానికీ గ్రిల్లు బిగించి వాషింగ్ మెషీను పెట్టాం.

---

ఎండపొడ · సోమవారం మధ్యాహ్నం 1:05

పంచ అంటే నేను మాట్లాడను. సంతకం పెట్టేస్తాను.

---

దస్తావేజు (రాజమహేంద్రవరం) · సోమవారం రాత్రి 8:55

ఎవరూ అసలు విషయానికి రావడం లేదు. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రేషన్ కాగితాల మధ్య బతుకుతున్నవాణ్ణి, నాకు ఇంజనీరింగు తెలియదు. కానీ బోర్డోలో ఎందుకు జరిగింది, విజయవాడలో ఎందుకు జరగదు అనేది కాగితంలోనే ఉంది.

అక్కడ 530 ఇళ్ళకు యజమాని ఒక్కరు. నిర్ణయం ఒక్కరిది, ఖర్చు ఒక్కరిది. చుట్టూ పార్కంత ఖాళీ స్థలం ఆ యజమానిదే. 3.8 మీటర్లు ముందుకు జరిగితే అడిగేవాడు లేడు.

పాతగడప గారి భవనంలో ఇరవై నలుగురు యజమానులు. అందులో ఇద్దరు అమెరికాలో, ఒకరు చనిపోయి వారసుల మధ్య కేసు, ఇద్దరు అద్దెకిచ్చి ముఖం చూపించరు. ఇది ఊహే గానీ, తప్పు కాదని పందెం కాస్తాను. ప్రతి ఒక్కరికీ ఇంటితో పాటు భవనం కింది నేలలో విడగొట్టని వాటా ఉంటుంది. బిల్డరు కన్ను మీ ఇంటి మీద లేదు, ఆ వాటా మీద ఉంది. విజయవాడ నడిబొడ్డున ఇల్లు ముసలిదవుతుంది, నేల మాత్రం ఏటేటా పడుచుదవుతుంది. భవనాన్ని బాగుచేస్తే మీకు మంచి ఇల్లు వస్తుంది. పడగొడితే అతనికి అమ్ముకోవడానికి అదనపు ఇళ్ళు వస్తాయి. బాగుచేయమని సలహా ఇచ్చేవాడికి అందులో దక్కేదేమీ లేదు. అందుకే మీకు ఆ సలహా ఎవరూ ఇవ్వరు.

పైగా సెట్‌బ్యాక్. పక్కవాడి ప్రహరీకి, మీ గోడకు మధ్య పదడుగులు ఉంటే గొప్ప. పంచ ఎక్కడ కడతారు, వాళ్ళ వంటింట్లోనా?

---

వెన్నెలపంచ · సోమవారం రాత్రి 9:30

దస్తావేజు గారి మాట కాదనలేను. అయితే అదే మాట ఇంకో దారి కూడా చూపిస్తోంది. ఒకే యజమాని, చుట్టూ ఖాళీ స్థలం, పాత బ్లాకులు: ఇది మన ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లు, విశ్వవిద్యాలయాల హాస్టళ్ళు, రైల్వే కాలనీల వర్ణన కాదా? చింతచెట్ల మధ్య మూడంతస్తుల బ్లాకులు. వాటినీ శిథిలం అని రాసి పడగొడుతున్నారు. అందులో నిజంగా శిథిలమైనవి ఎన్ని, సున్నం వేయక వదిలేసినవి ఎన్ని?

పారిస్‌లో కూడా ఇదే కథ. నగరం అంచున బువా-ల-ప్రెత్ర్ అనే యాభై మీటర్ల టవరు, రేమోఁ లోపెజ్ కట్టినది, 1960ల మొదట్లోది. మధ్యలో 1990 ప్రాంతంలో బాగుచేస్తున్నామని కిటికీలు చిన్నవి చేసి పైన పలకలు తొడిగారు, ఇంకా చీకటైంది. పడగొడదామన్నారు. వీళ్ళు, డ్రూఓ కలిసి ఆ ముఖం ఊడదీసి, రెండు మీటర్ల గది, ఒక మీటరు బాల్కనీ ప్రతి ఇంటికీ తగిలించారు. 2011లో పూర్తయింది. తొంభై ఆరు కుటుంబాలు. పడగొట్టి కట్టడానికి వేసిన అంచనాలో ఇంచుమించు సగం ఖర్చు.

కొత్త కట్టడాల్లోనూ ఇదే బుద్ధి. డన్‌కర్క్‌లో పాత నౌకల కర్మాగారపు షెడ్డు ఉంది, డెబ్బై ఐదు మీటర్ల పొడవు, చర్చిలా ఎత్తు. దాన్ని కళాసేకరణ భవనంగా మార్చమన్నారు. అందరూ లోపల గదులు కడతారనుకుంటారు. వీళ్ళు షెడ్డును ఖాళీగానే వదిలి, పక్కన అచ్చం అదే కొలతలతో తేలికపాటి పారదర్శక కవల భవనం కట్టారు (2013). బొమ్మలన్నీ కొత్తదాంట్లో. పాతదాని శూన్యం పాతదానికే. మొదటిసారి ఫొటో చూసినప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ ఎందుకు నచ్చుతుందో పూర్తిగా చెప్పలేను.

---

కవర్‌బ్లాకు · సోమవారం రాత్రి 9:52

అన్నీ పొగడ్తలేనా? పారిస్‌లో పాలే ద టోక్యో చూశాను. 1937 నాటి ప్రదర్శనశాల. వీళ్ళు బాగుచేసి ఇచ్చారన్నారు. లోపలికి వెళ్తే బోసి కాంక్రీటు, ప్లాస్టరింగు లేదు, పైపులు వేలాడుతున్నాయి. మా కాంట్రాక్టరు ఇలా అప్పగిస్తే నేను బిల్లు ఆపేస్తాను.

---

వెన్నెలపంచ · సోమవారం రాత్రి 10:10

ఆపండి, కానీ ముందు కథ వినండి. అంతకుముందు దాన్ని సినిమా భవనంగా మార్చబోయి, లోపల అంతా పీకేసి, మధ్యలో వదిలేశారు. వీళ్ళ చేతికి వచ్చేసరికే అది ఎముకల గూడు. చేతిలో ఉన్న సొమ్ము స్వల్పం. ఆ సొమ్మును నునుపు చేయడానికి కాక, మెట్లు, కరెంటు, భద్రత, ఎక్కడెక్కడ కాంక్రీటు బలహీనంగా ఉందో అక్కడ గట్టిచేయడానికి పెట్టారు. 2002లో తెరిచారు, పదేళ్ళ తర్వాత మిగతా అంతస్తులూ అలాగే తెరిచి ఇరవై వేల చదరపు మీటర్లు వాడుకలోకి తెచ్చారు. పాలరాయి పరిచి ఉంటే ఒక్క హాలుతో డబ్బు అయిపోయేది.

అయినా గోడలు పచ్చిగా ఉంటే చేతికి గీసుకుంటుందన్న మీ కోపం నాకు అర్థమవుతుంది. మా విద్యార్థులు దీన్ని చూసి ప్లాస్టరింగు ఎగ్గొట్టడాన్ని సిద్ధాంతంగా మార్చుకున్నారు. అది వేరే తలనొప్పి.

---

నాలుగోమెట్టు · సోమవారం రాత్రి 10:14

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు పడగొట్టి చూడు అని ఎవరూ అనలేదు, గమనించారా?

---

పాతగడప · తర్వాతి ఆదివారం సాయంత్రం 5:40

అందరికీ నమస్కారం. వారం రోజుల కబుర్లు.

కవర్‌బ్లాకు గారు ఫోనులో చెప్పినట్లు ఒక ఇంజనీరును పిలిపించాను. ఆయన సుత్తితో తట్టుకుంటూ భవనమంతా తిరిగారు. గట్టి చోట టంగుమంది, బోలు చోట డొప్పుమంది. ఆ శబ్దం తేడా మా ఆరేళ్ళ మనవరాలికీ తెలిసిపోయి, తనూ గరిటెతో తట్టడం మొదలుపెట్టింది. తర్వాత మూడు స్తంభాల్లోంచి కాంక్రీటు దిమ్మలు కోసి తీశారు. కోసిన ముఖం మీద ఏదో మందు చల్లితే లోపలి భాగం గులాబీరంగుకు తిరిగింది, బయటి అంచు తిరగలేదు. రంగు తిరగని మేర గాలి తగిలి, ఊచను తుప్పు నుంచి కాపాడే గుణం కాంక్రీటుకు పోయిందట. ఆ తిరగని మందం ఊచ దాకా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్నట. రెండింటిలో రాలేదు. నీళ్ళ ట్యాంకు కింది స్తంభంలో దాటేసింది. సన్‌షేడ్లు దాదాపు అన్నీ పోయినట్లే. పూర్తి నివేదిక రావాలి.

దస్తావేజు గారూ, పందెం మీరే గెలిచారు. అమెరికాలో ఉన్నది ఇద్దరు కాదు, నలుగురు. వారసుల కేసు కూడా ఉంది. ఎలా కనిపెట్టారండీ?

నిన్న సమావేశానికి పదిహేడు మంది వచ్చారు. బోర్డో ఫొటోలు చూపించాను. పదకొండు మంది బిల్డరు వైపే ఉన్నారు, దాచను. నలుగురు బాగుచేద్దామన్నారు. ఇద్దరు టీ తాగి వెళ్ళిపోయారు. కానీ ఒప్పందం మీద సంతకాలు నివేదిక వచ్చేదాకా ఆపడానికి అందరూ ఒప్పుకున్నారు.

ఇంకో సంగతి. మూడు వైపులా సెట్‌బ్యాక్ నిజంగానే తొమ్మిదడుగులే. పడమటి వైపు మాత్రం పార్కింగు స్థలం ఉంది, టేపు పెట్టి కొలిస్తే ఇరవై ఆరు అడుగులు వచ్చింది. మధ్యాహ్నం ఎండంతా కొట్టేది ఆ గోడకే. ఆ వైపు ఇళ్ళు ఎనిమిది.

---

కవర్‌బ్లాకు · ఆదివారం సాయంత్రం 6:15

ట్యాంకు కింది స్తంభం గురించి నివేదిక దాకా ఆగవద్దు. ట్యాంకులో నీళ్ళు ఇవాళే సగానికి దించండి, కారుతున్న పైపు మార్పించండి. స్తంభానికి జాకెట్ (చుట్టూ కొత్త ఇనుము, కాంక్రీటు తొడుగు) వేయవచ్చు, భయపడే పని కాదు.

పడమటి వైపు ఇరవై ఆరు అడుగుల్లో పార్కింగు పోకుండా స్తంభాలు ఎక్కడ పడతాయో ఒక కాగితం మీద గీసి పెట్టండి. కార్లు ఎటు తిరుగుతాయో బాణాలు కూడా వేయండి. వచ్చే శనివారం విజయవాడలో పనుంది, ఒక గంట చూస్తాను. అనుమతి వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వను.

---

ఎండపొడ · ఆదివారం సాయంత్రం 6:32

రేకు వేయకండి.

---

పాతగడప · ఆదివారం సాయంత్రం 6:40

వేయను. ట్యాంకు దించడానికి వెళ్తున్నాను, పై ఇంటివాళ్ళు అప్పుడే కిందికి కేకలేస్తున్నారు.